లైను ఆగిన చోట – బోధన్ స్టేషన్ మన సంఘానికి చెప్పే మాట

 ఊళ్లో ఉండి చదువుతున్నవారికీ, హైదరాబాదులోనో గల్ఫులోనో పనిచేస్తూ చదువుతున్నవారికీ, చెరుకు కోతల దగ్గర గుడిసెలో ఫోన్ పట్టుకొని చదువుతున్నవారికీ అందరికీ వందనములు.

ఈమధ్య యవనస్థుల కూడికలో ఒక తమ్ముడు అడిగాడు: "అయ్యగారూ, మన ఖేడ్‌కు రైలు ఎప్పుడొస్తది?" అందరూ నవ్వారు. మన ఊళ్లో ఈ ప్రశ్నకు ఎప్పుడూ నవ్వే జవాబు. బోధన్ నుంచి బాన్సువాడ, పిట్లం, నారాయణఖేడ్ మీదుగా బీదర్‌కు లైను వేయాలన్న మాట చాలా ఏళ్ల నుంచి వింటూనే ఉన్నాం. సర్వే అంటారు, వినతిపత్రాలు ఇస్తారు, ఎన్నికలప్పుడు ఆ మాట చిగురు వేస్తుంది, ఎన్నికలయ్యాక ఎండిపోతుంది. ఆ తమ్ముడికి నేను తేదీ చెప్పలేను గానీ ఒక స్టేషన్ చరిత్ర చెప్తానన్నాను. మన దాకా రావలసిన ఆ లైను ఎక్కడ ఆగిపోయిందో ఆ స్టేషన్ చరిత్ర. అది బోధన్ స్టేషన్. వచ్చే ఆదివారం మన సంఘ కమిటీ చేయవలసిన ఒక తీర్మానానికి కూడా ఈ చరిత్రతో సంబంధం ఉంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపికతో చదవండి.

ఈ కథను పట్టాల నుంచి కాదు, నీళ్ల నుంచి మొదలుపెట్టాలి. మన మంజీర మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్ దాటి, మన మెదక్ నేలలోకి వచ్చి, అక్కడి నుంచి ఉత్తరానికి తిరుగుతుంది. చివరికి బోధన్ దగ్గరలోని కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. ఈ నది మీద నిజాం ప్రభుత్వం 1923లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1931లో పూర్తి చేసింది. అదే నిజాంసాగర్. దాని వెనక ఉన్న ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆ ప్రాజెక్టు కింద ఊళ్లు మునిగాయి, జనం లేచిపోయారు, పెద్ద కాలువ తవ్వారు. కాలువ ఎటు పోయింది? కిందికి, బాన్సువాడ, బోధన్, నిజామాబాద్ వైపు. మన ఖేడ్ మెరక నేల. నది మన పక్క నుంచే పోయినా నీళ్లు మాత్రం మనకెక్కలేదు. నీళ్లు పల్లానికే పారతాయి కదా, అందులో ఎవరినీ తప్పు పట్టేదేమీ లేదు. కానీ ఆ ఒక్క కారణంతో ఆ వైపు ఊళ్లు చెరుకు పండించే ఊళ్లయ్యాయి, ఈ వైపు ఊళ్లు చెరుకు కొట్టనీకి పోయే ఊళ్లయ్యాయి.

కాలువ నీళ్లతో చెరుకు పెరిగింది. చెరుకు పెరిగితే ఫ్యాక్టరీ కావాలి. 1937లో బోధన్ దగ్గర నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపించారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటని దాని గురించి చెప్పుకునేవారు. దాని చుట్టూ వెలిసిన కాలనీకి శక్కర్‌నగర్ అని పేరు పెట్టారు, అంటే చక్కెర ఊరు. ఫ్యాక్టరీ వచ్చాక యంత్రాలు తేవాలి, బొగ్గు తేవాలి, తయారైన చక్కెర బస్తాలు బయటికి పంపాలి. అప్పటికే సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా మన్మాడ్ వరకు మీటర్ గేజ్ లైను ఉంది. ఆ లైను మీద నిజామాబాద్ దాటాక వచ్చే జానకంపేట నుంచి ఒక కొమ్మ తీసి, 1938లో బోధన్ వరకు పట్టాలు వేశారు. ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉండే చిన్న కొమ్మ అది. బోధన్‌లో ఆగింది. అక్కడి నుంచి ముందుకు పోలేదు.

ఎందుకు పోలేదో ఆలోచించండి. బోధన్ అవతల ఊళ్లు లేకనా? జనం లేకనా? వర్ని, బాన్సువాడ, పిట్లం, ఖేడ్ అన్నీ అప్పుడూ ఉన్నాయి. పట్టాలు వేసినవాళ్లకు కావలసింది చక్కెర. చక్కెర బోధన్‌లో దొరికింది కాబట్టి లైను బోధన్‌లో ఆగింది. అవసరం ఎక్కడ ముగిసిందో పట్టాలు అక్కడ ముగిశాయి. ఇది కోపంతో చెప్తున్న మాట కాదు. లోకంలో దారులు చాలావరకు ఇట్లాగే వేస్తారు. మనుషులు ఎక్కడున్నారని కాక సరుకు ఎక్కడుందని చూసి వేస్తారు. మనుషులు ఆ దారిన పోతే పోవచ్చు, అది కొసరు.

ఇక్కడ నా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. నా చిన్నతనంలో మా అమ్మానాన్నలు బోధన్ వైపు రైతుల పొలాల్లో చెరుకు కొట్టనీకి పోయేవాళ్లు. దీపావళి వెళ్లగానే ఊరి నుంచి లారీ కదిలేది. వంట సామాను, జొన్నలు, మేక, ముసలమ్మ, పిల్లలు అన్నీ ఆ లారీలోనే. పొలం గట్టున చెరుకాకుతో గుడిసె వేసుకునేవాళ్లం. గడియారం ఎవరికీ ఉండేది కాదు. సాయంత్రం దూరంగా బండి కూత వినపడితే మా అమ్మ ఎసరు పెట్టేది. ఆ కూతే మాకు గడియారం. మా గుడిసె పిల్లలందరం రైలు చూడాలని ఒకసారి పొలాలకు అడ్డంపడి స్టేషన్ దాకా నడిచిపోయాం. బండి వచ్చింది, జనం దిగారు, ఎక్కారు. మేం చూసి, నడుచుకుంటూ తిరిగొచ్చాం. మళ్లీ ఉగాదికి లారీలోనే ఊరికి వచ్చాం. మా చేతుల మీదుగా నరికిన చెరుకు చక్కెరై ఆ రైలెక్కి పోయింది గానీ మేం మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు.

యాకోబు తన పత్రిక 5వ అధ్యాయంలో కోతవాళ్ల గురించి రాశాడు. యజమానుల పొలాల్లో కోసినవాళ్ల కేకలు సైన్యములకధిపతియగు ప్రభువు చెవుల దాకా చేరాయని ఆయన భావం. కూలి అందనివాళ్ల గురించి రాసిన మాట అది. మా అమ్మానాన్నలకు ఆ పొలాల్లో ఎవరూ అన్యాయం చేశారని నేను చెప్పడం లేదు. వాళ్ల కూలి వాళ్లకు ముట్టింది. కానీ ఆ వచనం చదివినప్పుడల్లా నాకు ఒక సంగతి తోస్తుంది. దేవుని చెవికి చేరడానికి ఆ కోతవాళ్లు ఏ స్టేషన్‌కూ నడవనక్కరలేకపోయింది. వాళ్లున్న చోటు నుంచే, మోపు నెత్తిన ఉండగానే, ఆయన విన్నాడు. ఎంత బస్తా సరుకు ఏ బండిలో పోయిందో స్టేషన్ పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ సరుకు వెనక ఏ చెయ్యి ఉందో దేవుని పుస్తకంలో రాసి ఉంటుంది.

ఇక బోధన్ స్టేషన్ తర్వాత ఏమైందో చెప్తాను. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిశాక నిజాం రైల్వే కూడా దేశపు రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు మన లైన్లన్నీ దాని కిందికి వచ్చాయి. బోధన్‌కు ప్యాసింజర్ నడుస్తూనే ఉండేది. ఈ శతాబ్దం మొదటి ఏళ్లలో నిజామాబాద్ వైపు పాత మీటర్ గేజ్ తీసి బ్రాడ్ గేజ్ వేశారు. మీటర్ గేజ్ అంటే రెండు పట్టాల నడుమ సరిగ్గా 1 మీటరు. బ్రాడ్ గేజ్ అంటే 1 మీటరు 67 సెంటీమీటర్లకు పైన. అంటే పాతదానికి ఒకటిన్నర రెట్లకు మించి. పెద్ద బండ్లు, ఎక్కువ బరువు, ఎక్కువ వేగం. దేశంలో ఏ మూల నుంచైనా బండి నేరుగా రావచ్చు. బోధన్ జనం సంతోషించారు, అది న్యాయమైన సంతోషమే.

కానీ పట్టాలు వెడల్పు అవుతున్న ఆ రోజుల్లోనే ఫ్యాక్టరీ సన్నబడుతూ వచ్చింది. 2002లో ప్రభుత్వం అందులో 51 శాతం వాటాను ప్రైవేటు చేతికి ఇచ్చింది. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్ యూనిట్‌తో పాటు మెదక్ దగ్గర మంబోజిపల్లి, మెట్‌పల్లి దగ్గర ముత్యంపేట యూనిట్లు కూడా మూతపడ్డాయి. ఫ్యాక్టరీ పొగగొట్టం నిలబడే ఉంది, పొగ లేదు. ఆ తర్వాత 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ వచ్చింది. దేశమంతా ప్రయాణికుల రైళ్లు ఒక్కసారిగా ఆగాయి. చాలా చోట్ల మెల్లగా మళ్లీ కదిలాయి. బోధన్ ప్యాసింజర్ మాత్రం అట్లా ఆగిపోయింది.

నేను ఒక సంతాప కూడికకు ఆ వైపు వెళ్లినప్పుడు స్టేషన్‌కు పోయి చూశాను. స్టేషన్ కూలిపోలేదు. పట్టాలు ఎవరూ పీకలేదు. ప్లాట్‌ఫాం బాగానే ఉంది, పేరు రాసిన పసుపు బోర్డు బాగానే ఉంది. టికెట్ కిటికీ మూసి ఉంది. నీడలో మేకలు పడుకొని ఉన్నాయి. ఒక పెద్దాయన బల్ల మీద కూర్చొని బీడీ కాలుస్తున్నాడు. "బండి కోసమా తాతా?" అని అడిగాను. "బండి యాడిది బిడ్డా, గాలి కోసం కూసున్న" అన్నాడు.

ఆ మాట మీద చాలా దూరం ఆలోచిస్తూ వచ్చాను. సాధారణంగా మనం ఏమనుకుంటాం? ఇల్లు కూలితే, దారి పాడైతే, వసతి లేకపోతే ఒక చోటు పాడుబడుతుందనుకుంటాం. బోధన్‌లో అట్లా జరగలేదు. వసతి పెరిగింది. ఇరుకు పట్టా ఉన్నప్పుడు బండి నడిచింది, వెడల్పు పట్టా వచ్చాక బండి ఆగింది. లోపం పట్టాల్లో లేదు. ఏ పని కోసం ఆ పట్టాలు వేశారో ఆ పని పోయింది. ఆ పనికి బయట ఉన్న మనుషుల కోసం బండి నడపాలన్న తపన ఎవరికీ లేకపోయింది. అంతే.

ప్రియులారా, ఇప్పుడు మన సంగతికి వస్తాను. మన మందిరం సంగతి మీకు తెలుసు. రేకుల షెడ్డుగా ఉన్నప్పుడు చాపలు చాలేవి కావు. ఇప్పుడు స్లాబు ఉంది, టైల్స్ ఉన్నాయి, ఫ్యాన్లున్నాయి, మంచి మైకు సెట్టు ఉంది. ఇదంతా మీ కానుకలతో, మీ చెమటతో కట్టింది, దేవునికి స్తోత్రం. కానీ దీపావళి నుంచి ఉగాది దాకా వరుసగా ఆదివారాలు వచ్చి చూడండి. సగం మందిరం ఖాళీ. మన తండాల వాళ్లు, చుట్టుపక్కల పల్లెల వాళ్లు కోతలకు పోతారు. జంటలు జంటలుగా అడ్వాన్స్ తీసుకొని, మేస్త్రీ చెప్పిన ఫ్యాక్టరీకి పోతారు. ఒకరు కామారెడ్డి వైపు, ఒకరు జహీరాబాద్ వైపు, ఒకరు కర్ణాటకకు, మహారాష్ట్రకు. బోధన్ ఫ్యాక్టరీ మూతపడితే వలస ఆగలేదు, ఇంకా దూరమైంది. క్రిస్మస్ నాడు మనం కొత్త బట్టలతో కేక్ కోస్తుంటే, మన సంఘ సభ్యుల్లో చాలామంది చెరుకు తోటలో ఉంటారు.

వాళ్లు అక్కడ ఆదివారం ఆరాధనకు ఎందుకు పోరు అని మనలో కొందరు అడుగుతుంటారు. కోత పని తెలిసినవాడిగా జవాబు చెప్తాను. చెరుకు నరికిన తర్వాత ఆగదు. ఒక రోజు లోపల గానుగకు చేరాలి. ఆలస్యమైతే బరువు తగ్గుతుంది, తీపి తగ్గుతుంది. గానుగ ఆడే నాలుగైదు నెలలు ఫ్యాక్టరీ రాత్రీ పగలూ ఆగదు. లారీ ఎప్పుడు వస్తే అప్పుడు నింపాలి, అర్ధరాత్రి అయినా సరే. అక్కడ ఆదివారం అనే వారమే లేదు. ఒక తోట అయిపోగానే గుడిసె పీకి ఇంకో తోటకు మారతారు. అలాంటి చోట ఫలానా వీధిలో ఉదయం పది గంటలకు ఆరాధన అంటే వాళ్లు ఎట్లా వస్తారు?

వచ్చే ఆదివారం కమిటీ ముందు రెండు ప్రతిపాదనలున్నాయి. ఒకటి, ఈ సంవత్సరం మందిర నిధిలో మిగిలిన డబ్బుతో ముందు వరండా పొడిగించి, ప్రహరీకి గేటు పెట్టడం. రెండోది, అదే డబ్బుతో ఈ కోతల కాలమంతా నెలకు రెండుసార్లు ఒక బండి మాట్లాడుకొని మన వాళ్ల గుడిసెల దగ్గరికే పోవడం. రాత్రి పూట పాటలు, ప్రార్థన, వాక్యం, ప్రభురాత్రి భోజనం. జ్వరాలకు, గాయాలకు మందులు. పిల్లలకు పుస్తకాలు. క్రిస్మస్‌కు ముందు ఒక పూట అక్కడే వండి అందరితో కలిసి తినడం. రెండూ చేసేంత డబ్బు లేదు. నా మనసు ఎటు ఉందో దాచను, రెండోదాని వైపే ఉంది.

మన పెద్దల్లో ఒకరు వేరుగా అనుకుంటున్నారు. ఆయన మాట గౌరవంగా ఇక్కడ పెడుతున్నాను, ఎందుకంటే అది తేలిక మాట కాదు. "అయ్యగారూ, వాళ్లు ఉగాదికి వచ్చేస్తరు గదా. వచ్చినంక కూసోనీకి జాగ ఉండాలె. ఇంకొకటి, వాళ్లు పోయిన కాడ కూడా సంఘాలున్నయి, పాస్టర్లున్నరు. మనం అంత దూరం ఉరుకుడు ఎందుకు?" అన్నారు. నిజమే, అక్కడా సంఘాలున్నాయి, మంచి సేవకులున్నారు. వాళ్లతో నేను ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నాను, సహాయం చేస్తామన్నారు. కానీ పది రోజులకొకసారి తోట మారేవాళ్ల వెంట పడి తిరగడానికి వాళ్లకు వీళ్లు ఎవరో తెలియదు. ఏ అక్కకు కడుపుతో ఏడో నెలో, ఏ తమ్ముడు మందు మానేసి ఎన్ని నెలలైందో, ఏ అవ్వ కొడుకును పోగొట్టుకొని ఇంకా ఏడుస్తోందో అది మనకే తెలుసు. పేరు పెట్టి పిలిచేవాడు వస్తేనే మందకు కాపరి వచ్చినట్టు.

వచ్చినంక కూర్చోనీకి జాగ ఉండాలన్న మాటకు నా జవాబు బోధన్ స్టేషనే. అక్కడ జాగకు కొదవ లేదు. ఎదురు చూడడానికి బల్లలు కూడా ఉన్నాయి.

ఈ రైల్వే చరిత్రలోనే నన్ను సంతోషపెట్టిన ఇంకో సంగతి ఉంది. నిజాం ప్రభుత్వం 1930లో రైల్వేను పాత కంపెనీ నుంచి తన చేతికి తీసుకుంది. రెండేళ్లకు, 1932లో, అదే రైల్వే సంస్థ రోడ్డు రవాణా విభాగం ఒకటి పెట్టి 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో నడపడం మొదలుపెట్టింది. రైలు సంస్థకు బస్సులెందుకు? పట్టాలు ఆగిన చోట ఊళ్లు ఆగవు కాబట్టి. పట్టా వేయలేని చోటికి కూడా మనిషి పోవాలి కాబట్టి. ఆ 27 బస్సులే పెరిగి పెరిగి ఈనాటి మన ఆర్టీసీ అయ్యాయి. అంటే పొద్దున్నే మన ఖేడ్ డిపో నుంచి కదిలే బస్సు ఒక రకంగా ఆ రైల్వే బిడ్డే. రైలు మన ఊరికి రాలేదు. రాలేని రైలు తన బదులు బస్సును పంపింది. స్టేషన్ కట్టి, మీరే నడిచి రండి అని ఊరుకోలేదు.

పాత నిబంధనలో దేవుడు తన ప్రజలకు మొదట ఇచ్చిన ఆరాధన స్థలం ఎట్లాంటిదో గుర్తు చేసుకోండి. అది రాతి కట్టడం కాదు. గుడారం. కర్రలు, తెరలు, మేకు గూటాలు. విప్పి మోసుకుపోవచ్చు, మళ్లీ వేయవచ్చు. నిర్గమకాండంలో ఆ గుడారం కొలతలకు, మోసే కర్రలకు ఎన్ని అధ్యాయాలు ఇచ్చారో చూడండి. మందసానికి తొడిగిన మోత కర్రలను ఎప్పుడూ తీయకూడదని 25వ అధ్యాయంలో ఆజ్ఞ ఉంది. ఎందుకట? జనం ఎప్పుడు కదిలితే అప్పుడు మందసం కదలాలి. దావీదు తర్వాత మందిరం కట్టాలనుకున్నప్పుడు కూడా, ఐగుప్తు నుంచి వచ్చిన నాటి నుంచి తాను గుడారంలోనే వాళ్లతో కూడా తిరిగానని దేవుడు నాతాను ద్వారా జ్ఞాపకం చేశాడు. మన దేవుడు గుడిసె మార్చేవాళ్లతో గుడిసె మార్చిన దేవుడు. చెరుకాకు గుడిసె ఆయనకు కొత్త కాదు.

రూతు కథలో బోయజు పొలానికి వచ్చినప్పుడు మొదట ఏం చేశాడు? కోత ఎంతైందని అడగలేదు. కోసేవాళ్లకు యెహోవా నామంలో వందనం చెప్పాడు, వాళ్లు తిరిగి చెప్పారు. ఆ పలకరింపు జరిగింది కోత పొలంలో, పని మధ్యలో. పరాయి దేశపు విధవ అయిన రూతు ఎవరో ఆయన కనుక్కున్నది కూడా అక్కడే. ఆయన బేత్లెహేములో గుమ్మం దగ్గర కూర్చొని, కోతలయ్యాక రండి మాట్లాడుదాం అని ఉంటే రూతు ఎవరో ఆయనకు తెలిసేదే కాదేమో. మన రక్షకుడు ఏ వంశంలో పుట్టాడో, ఆ వంశం ఒక కోత పొలంలో పలకరింపుతో ముందుకు సాగింది.

మరి రైలు సంగతి? ఆ తమ్ముడికి జవాబు బాకీ ఉన్నాను. మెదక్ వైపు చూడు తమ్ముడూ. అక్కన్నపేట నుంచి మెదక్‌కు లైను కావాలని ఎన్నో ఏళ్లు అడిగారు. చివరికి 2022 సెప్టెంబరులో మెదక్‌కు రైలు వచ్చింది. కాబట్టి అడగడం మానకూడదు, మన బోధన్–బీదర్ లైను కూడా అడుగుతూనే ఉండాలి. ఈ ఊరి పిల్లలు చదువుకు, రోగులు ఆస్పత్రికి పోవడానికి అది కావాలి. ఆ లైను వస్తే బోధన్ స్టేషన్ చివరి స్టేషన్‌గా ఉండదు, నడిమి స్టేషన్ అవుతుంది, దానికీ ప్రాణం లేచి వస్తుంది. కానీ అదే మెదక్‌లో ఇంకో సంగతి చూడు. అక్కడి పెద్ద చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. అంటే రైలు రావడానికి 98 ఏళ్ల ముందు. కరువు రోజుల్లో ఆ కట్టడం పని ఎందరో పేదలకు అన్నం పెట్టింది. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర, ఆయన తోటి సేవకులు రైలు వచ్చే దాకా ఆగలేదు. ఎడ్లబండ్లలో, కాలినడకన పల్లెలు తిరిగారు. ఈ రోజు మన జిల్లాల్లో ఇన్ని సంఘాలున్నాయంటే ఆ నడక ఫలమే.

అందుకని పెద్దలకు, కమిటీ సభ్యులకు, స్త్రీల మైత్రికి, యవనస్థులకు నా మనవి ఇది. వరండా వచ్చే ఏడు కట్టుకుందాం. గేటు లేకపోతే మందిరంలో ఎత్తుకుపోయేది ఏమీ లేదు. ఈ దీపావళి తర్వాత మన వాళ్ల లారీలు కదిలేటప్పుడు ఏ కుటుంబం ఏ మేస్త్రీతో ఏ వైపు పోతుందో ఒక పుస్తకంలో రాసుకుందాం. ఫోన్ నంబర్లు తీసుకుందాం. అవ్వ, తాతల దగ్గర ఉండిపోయే పిల్లలను సీజనల్ హాస్టల్లో చేర్పించే పని యవనస్థులు చూడాలి. సాయంత్రం మందిరంలో దీపం పెట్టి వాళ్లను చదివించే పని టీచర్లుగా ఉన్న మన అక్కలు తీసుకోవాలి. నెలకు రెండుసార్లు రాత్రి ప్రయాణానికి నాతో ఎవరు వస్తారో పేర్లు ఇవ్వండి. చలి ఉంటుంది, దుప్పటి తెచ్చుకోండి. డ్రైవింగ్ తెలిసిన తమ్ముళ్లు ముందుకు రావాలి. కమిటీ వేరే విధంగా తీర్మానిస్తే దానికి లోబడతాను, నా భార్యా నేనూ ఉన్నంతలో ఒక్క గుంపు దగ్గరికైనా పోతాం. కానీ సంఘంగా పోతే ఆ గుడిసెల్లో వాళ్లకు కలిగే ధైర్యం వేరు.

కోతల దగ్గర ఉండి ఇది చదువుతున్న అక్కలారా, అన్నలారా, మీకొక మాట. మీరు లేని ఆదివారం మీ చాప ఖాళీగా ఉంటే మేం అలవాటు పడలేదు. మీరు ఎక్కడున్నారో ఒక మెసేజ్ పెట్టండి. తోట పేరు, దగ్గరి ఊరి పేరు చాలు. దారి మేం వెతుక్కుంటాం.

ప్రార్థన చేద్దాం. పరలోకమందున్న మా తండ్రీ, నీ ప్రజలతో గుడారంలో నడిచినవాడా, మంజీర ఇటు నుంచి అటు పారినట్టు మా ప్రజలు ఏటా పనికోసం పారిపోతున్నారు, నీవెరుగుదువు. వాళ్ల చేతులకు గాయం కాకుండా, వాళ్ల పిల్లలకు పాము కుట్టకుండా, వాళ్ల కూలి ఎవరూ మింగకుండా కాపాడు. బోధన్‌లో పని పోయిన కార్మికుల కుటుంబాలను జ్ఞాపకం చేసుకో. మా నేలకు నీళ్లు, దారి, పని దయచేయి. మా మందిరం జనం లేక నిలిచిపోయిన స్టేషన్ కాకుండా మమ్మల్ని లేపి, మా వాళ్లున్న చోటికి నడిపించు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

మీ ప్రార్థనలలో నన్నూ నా కుటుంబాన్నీ జ్ఞాపకం చేసుకోండి. ఆదివారం ఆరాధన తర్వాత కమిటీ కూర్చుంటుంది, సభ్యులందరూ తప్పక ఉండండి.

క్రీస్తు సేవలో,
మీ పాస్టరు